పైకప్పుకు అంటించిన కవరు

(డిగ్రీ విద్యార్థుల సైన్స్ సభలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీరంతా ఇంటర్లో టైట్రేషన్ చేసే ఉంటారు, ఒక ద్రావణాన్ని ఇంకోదానిలో కలుపుతూ ఎంత దగ్గర రంగు మారుతుందో కొలిచే ప్రయోగం. పైన కొలత గీతలున్న గొట్టం, అంటే బ్యూరెట్లో పర్మాంగనేట్, కింద కోనికల్ ఫ్లాస్కులో మోర్స్ సాల్ట్. చుక్క చుక్కగా వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే ఒకచోట లేత గులాబీ రంగు వచ్చి, పోకుండా నిలబడుతుంది. మొదటిసారి రీడింగు 10.2 వచ్చిందనుకోండి. రికార్డులో రాయాలంటే కన్‌కరెంట్ వాల్యూ కావాలి, అంటే అదే రీడింగు మళ్ళీ రావాలి. సరే, మళ్ళీ మొదలుపెడతారు. 9.8 దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. 10.0 దగ్గర కాస్త గులాబీ కనిపిస్తే ‘ఇంకా రాలేదులే’ అనుకుంటారు. 10.2 దగ్గర అంతే గులాబీ కనిపిస్తే ‘అదిగో, వచ్చేసింది’ అంటారు. ఇక్కడ మీరు అబద్ధమేమీ ఆడలేదు. మీ కంటికి నిజంగానే 10.2 దగ్గరే రంగు కనిపించింది.

ఆ రెండో రీడింగును మనసులో ఉంచుకోండి. మనం ఇప్పుడు పారిస్ పక్కన ఉన్న క్లమార్ అనే ఊరికి వెళ్తున్నాం, అక్కడ జరిగిందానికీ ఈ రీడింగుకీ దగ్గరి చుట్టరికం ఉంది.

1988వ సంవత్సరం. ఫ్రాన్స్ ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఇన్సెర్మ్‌కు క్లమార్‌లో ఒక ప్రయోగశాల ఉండేది. దాని అధిపతి జాక్ బెన్‌వెనిస్త్. ఆయన చిన్నాచితకా మనిషి కాదు. 1970ల మొదట్లో ప్లేట్‌లెట్ యాక్టివేటింగ్ ఫ్యాక్టర్ అనే పదార్థాన్ని కనిపెట్టినవాడు. ఎలర్జీ, వాపు ఎలా వస్తాయో అర్థం చేసుకోవడంలో అది పెద్ద అడుగు. ఆయన పేరు వినగానే వెక్కిరించేవాళ్ళను చాలామందిని చూశాను. ముందు ఈ సంగతి తెలుసుకుని ఆ తరువాత మాట్లాడితే బాగుంటుందని నాకనిపిస్తుంది.

ఆ ల్యాబ్‌లో చేసిన ప్రయోగం ఇది. మన రక్తంలో బేసోఫిల్స్ అనే తెల్లకణాలుంటాయి. చాలా అరుదు, నూరు తెల్లకణాల్లో ఒకటి ఉంటే ఎక్కువ. వాటి నిండా చిన్న చిన్న రేణువులు, ఆ రేణువుల్లో హిస్టమిన్. ఎలర్జీ వచ్చినప్పుడు కణం ఆ రేణువులను బయటికి వదిలేస్తుంది, మనకు తుమ్ములూ దురదలూ మొదలవుతాయి. టొలుయిడిన్ బ్లూ అనే రంగు వేస్తే రేణువులున్న కణం ఎర్రటి ఛాయలో కనబడుతుంది. రేణువులు వదిలేసిన కణం రంగు పట్టుకోదు, కనబడదు. అంటే మైక్రోస్కోప్ కింద కణాలను లెక్కపెట్టి, మామూలుకంటే ఎన్ని తగ్గాయో చూస్తే ఎంత స్పందన వచ్చిందో తెలిసిపోతుంది. ఐజీ-ఈ అనే ప్రతిరక్షకానికి విరుద్ధంగా పనిచేసే సీరమ్‌ను రక్తానికి కలిపితే ఈ స్పందన వస్తుంది. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు.

తరువాత వాళ్ళు ఆ సీరమ్‌ను నీళ్ళతో పలుచన చేయడం మొదలుపెట్టారు. ఒక వంతు సీరమ్, తొమ్మిది వంతుల నీళ్ళు. గట్టిగా కుదపడం. అందులోంచి ఒక వంతు తీసి మళ్ళీ తొమ్మిది వంతుల నీళ్ళలో. మళ్ళీ కుదపడం. అవొగాడ్రో సంఖ్య మీకు తెలుసు, ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల సంఖ్య, 6.022 × 10²³. ఇలా పాతిక సార్లు చేశాక ఆ గొట్టంలో అసలు పదార్థపు అణువు ఒక్కటి కూడా మిగిలే అవకాశం లేదు. వాళ్ళు అక్కడితో ఆగలేదు, పలుచన 10¹²⁰లో ఒక వంతు అయ్యేదాకా వెళ్ళారు. అంత దూరం వెళ్ళినా కణాలు స్పందిస్తూనే ఉన్నాయన్నారు. అదీ ఒకే తీరులో కాదు, అలల్లా. పలుచన పెంచుతూ పోతే స్పందన తగ్గుతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ తగ్గుతుంది.

అణువు పోయినా దాని గుర్తు నీటిలో ఉండిపోతోందా? పత్రికలు దానికి ‘నీటి జ్ఞాపకం’ అని పేరు పెట్టాయి.

మన ఇళ్ళల్లో హోమియో తీపి గోళీలు తెలియనివాళ్ళు లేరు. సీసా మీద 30 అనో 200 అనో ఉంటుంది. 30సి అంటే నూటికి ఒక వంతు చొప్పున ముప్ఫైసార్లు పలుచన చేసిందని, అంటే 10⁶⁰లో ఒక వంతు. ఫ్రాన్స్‌లో కూడా హోమియో పెద్ద వ్యాపారం. అందుకే ఇది ప్రయోగశాల గోడల మధ్య ఉండిపోయే వార్త కాలేకపోయింది. ఈ ప్రయోగాల మీద వచ్చిన పత్రం రాసినవారిలో ఇద్దరి జీతాలను ఒక హోమియో మందుల కంపెనీ ఇస్తోందని తరువాత బయటపడింది. నా దృష్టిలో అసలు తప్పు అది కాదు. అది లేకపోయినా ఇదంతా ఇలాగే జరిగి ఉండేది.

ఆ పత్రం చేతికొచ్చాక, పేరున్న సైన్స్ పత్రిక ‘నేచర్’ సంపాదకుడు జాన్ మాడక్స్ పెద్ద ఇరకాటంలో పడ్డాడు. పత్రంలో పద్ధతి ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఇజ్రాయెల్, ఇటలీ, కెనడా ప్రయోగశాలల వాళ్ళు కూడా రచయితల్లో ఉన్నారు. కానీ ఇది నిజమైతే రసాయనశాస్త్రం పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగరాయాలి. చివరికి 1988 జూన్ 30 సంచికలో అచ్చువేశాడు. పక్కనే తమకు సందేహాలున్నాయని సంపాదకీయ గమనిక పెట్టాడు. ఒక షరతు కూడా పెట్టాడు: తామే వచ్చి, ప్రయోగం తమ కళ్ళముందు చేయించి చూస్తామని. బెన్‌వెనిస్త్ ఒప్పుకున్నాడు.

జులై మొదటి వారంలో ముగ్గురు క్లమార్‌కు వచ్చారు. ఒకరు మాడక్స్. రెండోవాడు వాల్టర్ స్టూవర్ట్, అమెరికాలో శాస్త్ర పరిశోధనల్లో మోసాలను బయటపెట్టడంలో పేరుపడ్డవాడు. మూడో మనిషి జేమ్స్ రాండీ, ఇంద్రజాలికుడు.

మీరే ఆలోచించండి. మీ ప్రాక్టికల్స్‌కు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఒక పత్రికా సంపాదకుడు, ఒక మోసాల పరిశోధకుడు, ఒక మెజీషియన్ వచ్చారనుకోండి. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనకపోయినా, ‘నువ్వు దొంగవి, పట్టుకోవడానికి వచ్చాం’ అన్నట్టే ఉంటుంది. ఆ ముగ్గురిలో ఒక్క ఇమ్యునాలజిస్టు, అంటే రోగనిరోధక వ్యవస్థ మీద పనిచేసే శాస్త్రవేత్త, లేడు. ఇది మాడక్స్ చేసిన తప్పని ఇన్నేళ్ళ తరువాత కూడా అంటాను. ఇంకో తప్పు కూడా ఉంది. ఈ పరీక్ష అచ్చువేయకముందు చేయాల్సింది. అచ్చువేసి, ప్రపంచమంతా గోల అయ్యాక వెళ్ళడమేమిటి?

కానీ వాళ్ళు అక్కడ చేసిన పని మాత్రం నాకు చాలా ఇష్టం.

మొదట మామూలుగా, రోజూ చేసే పద్ధతిలోనే ప్రయోగం చేయించారు. ఏ గొట్టంలో పలుచన సీరమ్ ఉందో, ఏ గొట్టంలో ఉత్త నీళ్ళున్నాయో అందరికీ తెలుసు. ఫలితాలు బెన్‌వెనిస్త్ చెప్పినట్టే వచ్చాయి. తరువాత గొట్టాల మీద పేర్లు తీసేసి కోడ్ నంబర్లు వేశారు. ఏ నంబరు ఏదో ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అల్యూమినియం రేకు చుట్టి, ప్రయోగశాల పైకప్పుకు టేపుతో అంటించారు. అందరికీ కనబడుతూనే ఉంటుంది, ఎవరికీ అందదు. కిందన బల్లల దగ్గర పని నడుస్తోంది. పత్రంలో మొదటి పేరున్న యువ పరిశోధకురాలు మైక్రోస్కోప్ ముందు కూర్చుని కణాలు లెక్కపెడుతోంది. అంతకుముందు కూడా ఎక్కువ లెక్కలు ఆమెవే.

అలా పూర్తి గుట్టుగా మూడు ప్రయోగాలు చేశారు. లెక్కలన్నీ అయ్యాక కవరు దింపి విప్పారు. అలలు లేవు. పలుచన సీరమ్‌కూ ఉత్త నీళ్ళకూ తేడా లేదు.

జులై 28 సంచికలో వాళ్ళ నివేదిక వచ్చింది. ఆ ప్రయోగాలను ‘భ్రమ’ అని శీర్షికలోనే తేల్చేశారు. అదే సంచికలో బెన్‌వెనిస్త్ జవాబు కూడా వచ్చింది. ఒకప్పుడు అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలంటూ జరిపిన వేటతో దీన్ని పోల్చాడు.

ఆ నివేదికలో ఒక విషయం ఉంది. బయట చాలామంది దాన్ని పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే అదే ముఖ్యం. ఒక రక్తపు నమూనాలోంచి చుక్క తీసి లెక్కపెడితే 80 కణాలు వచ్చాయనుకోండి. అదే నమూనాలోంచి ఇంకో చుక్క తీస్తే సరిగ్గా 80 రాదు. 71 రావచ్చు, 88 రావచ్చు. గుప్పెడు బియ్యంలో నూకలెన్ని ఉన్నాయో లెక్కపెట్టి, అదే బస్తాలోంచి ఇంకో గుప్పెడు తీసి లెక్కపెట్టినట్టే. ఆ తేడా ఎంత ఉండాలో స్టాటిస్టిక్స్ చెబుతుంది: సుమారుగా 80కి వర్గమూలం, అంటే 9 అటూ ఇటూ. ఎవరెంత జాగ్రత్తగా లెక్కపెట్టినా అది పోదు, ఎందుకంటే తేడా లెక్కలో లేదు, చుక్కలోనే ఉంది. క్లమార్ నోటు పుస్తకాల్లో, ఏ గొట్టం ఏదో తెలిసి చేసిన జంట లెక్కలు ఒకదానికొకటి అంతకంటే చాలా దగ్గరగా ఉన్నాయి. ఉండాల్సిన తేడా లేదు.

ఇప్పుడు మీ బ్యూరెట్ దగ్గరికి రండి. 10.2, 10.2, 10.2.

కణాలు లెక్కపెట్టిన ఆ పరిశోధకురాలు మోసం చేసిందని ఆ నివేదిక కూడా అనలేదు. మొదటి లెక్క మనసులో ఉంది. రెండో లెక్కలో అనుమానపు కణం ఒకటి వచ్చింది. రంగు సగం పట్టింది, సగం పట్టలేదు. దాన్ని లెక్కలో వేయాలా, వదిలేయాలా? అలాంటి కణాలు ఒక్కో స్లైడులో పదో పదిహేనో ఉంటాయి. ప్రతిసారీ మనసు తాను ఎదురుచూస్తున్న వైపే తూకం వేస్తుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనకొక సామెత ఉంది. అది జబ్బు కళ్ళ సంగతి. ఇక్కడ కళ్ళు ఆరోగ్యంగానే ఉన్నాయి, నిజాయితీగా ఉన్నాయి, పైగా బాగా తర్ఫీదు పొందినవి.

ఇదంతా నేను ఎవరినో ఉద్దేశించి చెప్పడం లేదు. ఎం.ఫిల్‌లో నా పని పురుగుమందు కలిసిన నీళ్ళలో ఉంచిన చేపల రక్తకణాలు లెక్కపెట్టడం. స్లైడులు చేసింది నేనే, మందు తగలనివాటికి ‘కంట్రోల్’, తగిలినవాటికి ‘ట్రీటెడ్’ అని లేబుళ్ళు రాసింది నేనే, లెక్కపెట్టింది నేనే. తేడా చక్కగా వచ్చింది. మా గైడుకు చూపిస్తే సంతోషించారు. థీసిస్ రాసే ముందు నాకే ఎందుకో మనసొప్పక, ఒక జూనియర్ అమ్మాయిని పిలిచి లేబుళ్ళ మీద కాగితం అంటించి నంబర్లు వేయమన్నాను. మళ్ళీ లెక్కపెట్టాను. తేడా పూర్తిగా పోలేదు గానీ, సగానికి సగం తగ్గింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సగం తేడా ఎక్కడి నుంచి వచ్చింది? చేపల్లో లేదు, మందులో లేదు. నా దగ్గరి నుంచే వచ్చింది. థీసిస్‌లో రెండో లెక్కలే వేశాను.

దీన్ని ప్రయోగకర్త ప్రభావం అంటారు. దీన్ని బాగా తవ్వి చూసినవాడు రాబర్ట్ రోజెంతాల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఆయన కూడా ముందు తన సొంత పిహెచ్.డి. లెక్కల్లోనే దీన్ని చూశాడు. ప్రయోగం మొదలవకముందే తన బృందాల మధ్య ఉండకూడని తేడా కనిపించి, తెలియకుండా తానే ఏదో చేశానని గ్రహించాడు. తరువాత 1963లో, కర్మిట్ ఫోడ్‌తో కలిసి, 12 మంది విద్యార్థులకు తలా ఐదు ఎలుకలు ఇచ్చాడు. సగం మందికి ‘ఇవి చురుకైన జాతి’ అని, మిగతా సగం మందికి ‘ఇవి మందకొడి జాతి’ అని చెప్పాడు. అన్నీ మామూలు ఎలుకలే. చురుకైనవని చెప్పినవి మేజ్ అనే దారుల పెట్టెలో సరైన దారి బాగా నేర్చుకున్నాయి. ఇక్కడ లెక్క ఒక్కటే తప్పలేదు. ఆ విద్యార్థులు తమ ఎలుకలను మంచివని నమ్మారు, ఎక్కువ మెత్తగా పట్టుకున్నారు. నమ్మకం చేతుల్లోకి దిగింది.

ఇంకా వెనక్కి వెళ్తే బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన మాస్టారు దానికి కూడికలూ భాగహారాలూ నేర్పానన్నాడు. ఎంత అని అడిగితే అది గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. 1904లో ఒక కమిటీ వేసి చూస్తే ఏ మోసమూ దొరకలేదు, ఎందుకంటే మోసం లేదు. ఆ తరువాత ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అసలు సంగతి తేల్చి, 1907లో పుస్తకంగా వేశాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగేవాడి తల వెంట్రుకవాసి పైకి లేస్తోంది. గుర్రం దాన్ని చూసి ఆగుతోంది. ఫుంగ్స్ట్ చెప్పిన ఇంకో మాట నాకు మరీ ముఖ్యంగా అనిపిస్తుంది. ఈ రహస్యం కనిపెట్టిన తరువాత కూడా తన తల కదలకుండా ఆపడం తనవల్ల కాలేదట. తెలిసినంత మాత్రాన పోయేది కాదు ఇది. అందుకే ‘నేను జాగ్రత్తగా ఉంటాను’ అనేది జవాబు కాదు. కవరే జవాబు.

(సభలో ఒక విద్యార్థిని: మేడమ్, తరువాత ఎవరూ మళ్ళీ చేసి చూడలేదా?)

చూశారమ్మా. 1993లో లండన్ వాళ్ళు బెన్‌వెనిస్త్ పద్ధతినే పట్టుకుని, ఏ గొట్టం ఏదో తెలియకుండా గుట్టుగా చేసి, అదే ‘నేచర్’లో ఫలితం ప్రకటించారు: ఏమీ లేదని. నీళ్ళ వైపు నుంచి కూడా చూశారు. ద్రవరూపంలో ఉన్న నీటిలో అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాల అమరిక 50 ఫెమ్టోసెకండ్ల లోపే చెదిరిపోతుందని 2005లో కొలిచారు. ఫెమ్టోసెకండ్ అంటే సెకనులో 10¹⁵వ వంతు. నీళ్ళు ఒక ఆకారాన్ని గుర్తుంచుకునేది అంతసేపే.

బెన్‌వెనిస్త్ మాత్రం వెనక్కి రాలేదు. కొన్నేళ్ళలో యూనిట్ పోయింది, నిధులు పోయాయి. తరువాత ఆయన ఇంకా దూరం వెళ్ళాడు. అణువు ‘సంకేతాన్ని’ కంప్యూటర్లో రికార్డు చేసి, మళ్ళీ నీటికి వినిపించవచ్చన్నాడు. అక్కడ కూడా అదే కథ. లేబుళ్ళు తెలిసినప్పుడు ప్రయోగం పనిచేస్తుంది, బయటివాళ్ళు కోడ్ వేస్తే గందరగోళమవుతుంది. అలా జరిగిన ప్రతిసారీ ఆయన ఒక గొట్టంలోని సంకేతం ఇంకో గొట్టంలోకి దూకిందేమోనని వెతికాడు. నాకు బాధ కలిగించేది ఇక్కడే. అంత తెలివైనవాడు గొట్టాలన్నీ అనుమానించాడు, కరెంటు తీగలను అనుమానించాడు. కవరు ఏం చెబుతోందో వినలేదు.

అమెరికా రక్షణ శాఖ పరిశోధనా విభాగం డార్పా నిధులతో వేరే బృందం ఆ కంప్యూటర్ ప్రయోగాన్ని పరీక్షించి 2006లో పత్రం వేసింది. నిలబడే ఫలితమేదీ దొరకలేదు. కొందరు ప్రయోగకర్తలు పక్కన ఉన్నప్పుడే ఫలితాలు వస్తున్నట్టు కనిపించాయని కూడా వాళ్ళు రాశారు. దీన్ని పట్టుకుని కొందరు, చూసేవాడి మనసే నీటిని మారుస్తోందని సిద్ధాంతాలు అల్లుతున్నారు. నేను ఒప్పుకోను. ఫలితం మనిషిని బట్టి మారుతోందంటే ముందు ఆ మనిషి చెయ్యీ, కన్నూ ఏం చేస్తున్నాయో చూడాలి. బ్యూరెట్ దగ్గర మీ మనసు పర్మాంగనేట్‌ను మార్చలేదు కదా, రీడింగును మార్చింది.

(ఇంకో ప్రశ్న: అయితే ఆయన మంచివాడంటారా, కాదంటారా?)

మంచి శాస్త్రవేత్తే బాబూ. 2004లో పోయేదాకా తాను చూసిందే చెబుతున్నానని నమ్మాడు. ఆ నమ్మకం నిజాయితీ కలదే. మోసగాడికైతే కవరు పెద్ద అడ్డు కాదు, విప్పే దారి వెతుక్కుంటాడు. కవరు అవసరం నిజాయితీపరులకే ఎక్కువ. ఆ మాట ఆయనకు ఎవరైనా స్నేహితుడిలా చెప్పి ఉంటే వినేవాడేమోనని నాకు ఒక ఆశ. మెజీషియన్ చేత చెప్పించారు. ఆయన దాన్ని నేరారోపణగా విన్నాడు, జీవితాంతం దానికి సంజాయిషీ ఇస్తూనే గడిపాడు.

సరే, ఇక మాటలు చాలు. బయట వరండాలో ఆరు మైక్రోస్కోపులు పెట్టించాం. ఉల్లివేరు కొనల స్లైడులు, మీకు అలవాటైనవే. స్లైడుల మీద అక్షరాలు తప్ప ఏమీ లేవు. కొన్ని పొద్దున తీసిన వేళ్ళు, కొన్ని సాయంత్రం తీసినవి. విభజన దశలో ఉన్న కణాలు ఎన్ని ఉన్నాయో ఒక్కొక్క స్లైడులో లెక్కపెట్టి చీటీ మీద రాయండి. పక్కవాళ్ళ చీటీ చూడొద్దు. రాసిన అంకె దిద్దొద్దు. అనుమానపు కణం వస్తే ఏం చేశారో అది కూడా రాయండి, అదే నాకు ఎక్కువ కావాలి. ఏ అక్షరం ఏదో మీ ల్యాబ్ అసిస్టెంటు గారికి ఒక్కరికే తెలుసు, నాకు కూడా తెలియదు. కవరు అదిగో, ఆ గడియారం పైన అంటించి ఉంది. టీ తాగి రండి, నాలుగున్నరకు దింపి విప్పుదాం.